మైకు ముందర నేర్చిన విద్య: ఢిల్లీలో సంగీత, ధ్వనిముద్రణ శిక్షణ

సంగీత విద్య అనగానే మన మనస్సులో మెదిలేది తంబుర శ్రుతి, గురువు ఎదుట కూర్చుని సరళీస్వరాలు పలికే శిష్యుడు. ధ్వనిముద్రణ అనగానే తోచేది యంత్రాలు, తీగలు, వాటి నడుమ ఒక ఇంజనీరు. మొదటిది కళ అనీ, రెండవది సాంకేతిక వృత్తి అనీ, ఒకదానితో మరొకదానికి పనిలేదనీ చిరకాలంగా ఒక అభిప్రాయం స్థిరపడింది. కాని నేడు సంగీతాన్ని జీవనాధారం చేసుకోదలచిన యువతీయువకులకు ఈ రెండు విద్యలూ అవసరమవుతున్నాయి. పాడటం, బాణీ కట్టటం, దానిని ముద్రించటం, ముద్రించిన భాగాలను కూర్చటం, గాత్రాన్నీ వాద్యాలనూ తగిన పాళ్లలో మేళవించటం అనే పనులన్నీ తరచు ఒకే మనిషి ఒకే చిన్న గదిలో చేయవలసి వస్తున్నది.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ కలిసిన రాజధాని ప్రాంతంలో ఈ విద్యలను జోడించి బోధిస్తామనే సంస్థలు గత మూడు దశాబ్దాలలో అనేకం వెలశాయి. ఇది సరికొత్త విద్య అనే భావన విద్యార్థులలోనూ, వారిని పంపే తల్లిదండ్రులలోనూ ఉన్నది. చరిత్రను పరిశీలిస్తే విషయం వేరు. సంగీతజ్ఞుడూ, శబ్దయంత్ర నిపుణుడూ ఒకరి పని ఒకరు గమనిస్తూ నేర్చుకున్న చోటు ఒకటి ఈ నగరంలో 1936 నుంచే ఉన్నది. అది ఆకాశవాణి స్టూడియో. దానిని పాఠశాల అని ఎవరూ పిలువలేదు. అయినా అది చేసిన బోధనలో తెలుగు వైణికునికి కూడా ఒక గౌరవస్థానం ఉన్నది. ఆ పాఠశాల ఎలా రూపొందింది, ఏమి నేర్పింది, దాని ప్రాభవం తగ్గిన తరువాత విద్యార్థికి ఏమి దక్కింది, ఏమి దక్కలేదు అన్నదే ఈ వ్యాస విషయం.

వేర్వేరుగా పెరిగిన రెండు విద్యలు

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఉత్తర భారతాన సంగీతం ఘరానాల గుమ్మం దాటి విద్యాలయాలలోకి వచ్చింది. 1901లో విష్ణు దిగంబర్ పలుస్కర్ లాహోరులో గాంధర్వ మహావిద్యాలయాన్ని స్థాపించారు. విష్ణు నారాయణ భాత్‌ఖండే పూనికతో అఖిల భారత సంగీత సమ్మేళనాలు 1916లో బరోడాలోను, 1918లో ఢిల్లీలోను జరిగాయి. స్వరలిపి, పాఠ్యక్రమం, పరీక్ష, పట్టా అనే నాలుగు స్తంభాల మీద నూతన సంగీత విద్య నిలబడింది. 1939లో వినయచంద్ర మౌద్గల్య ఢిల్లీలో గాంధర్వ మహావిద్యాలయాన్ని ప్రారంభించారు. 1952లో భారతీయ కళాకేంద్రం, 1960లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఏర్పడ్డాయి. ఇవన్నీ గణనీయమైన సేవ చేశాయి. మధ్యతరగతి కుటుంబాల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, సంగీతం గౌరవప్రదమైన చదువు కావటంలో ఈ సంస్థల పాత్ర పెద్దది. అయితే వాటి పాఠ్యక్రమంలో యంత్రానికి చోటు లేదు. పట్టభద్రుని గమ్యం ఉపాధ్యాయ పదవి, లేదా కచేరీ వేదిక.

రెండవ విద్య మరోచోట పెరిగింది. 1902లో గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైన వారి గానాన్ని ముద్రించాడు. గాయకులు పెద్ద కొమ్ము వంటి గొట్టంలోకి గొంతెత్తి పాడవలసి వచ్చేది. సుమారు మూడు నిమిషాలలో రాగాన్ని ముగించవలసి వచ్చేది. ముద్రణ చేసేవారు విదేశీయులు. ఆ నైపుణ్యం కంపెనీ గోడల మధ్యనే ఉండిపోయేది. 1925 ప్రాంతాన విద్యుత్ ముద్రణ, దానితో మైకు వచ్చాక ఈ పని తంతి, వైర్‌లెస్ శాస్త్రాలు చదివిన వారి చేతికి వచ్చింది. ఆ విధంగా రాగం తెలిసినవానికి యంత్రం తెలియదు, యంత్రం తెలిసినవానికి రాగం తెలియనక్కర లేదు అనే పరిస్థితి స్థిరపడింది.

అలీపూర్ రోడ్డు స్టూడియో

ఈ రెండు పాయలూ కలవటానికి ప్రభుత్వ ప్రసార వ్యవస్థ కారణమయింది. 1927 జులైలో ఒక ప్రైవేటు కంపెనీ బొంబాయిలో ఆరంభించిన ప్రసారాలు ఆర్థికంగా నిలదొక్కుకోలేక ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1935లో లయొనెల్ ఫీల్డెన్ ప్రసారాల కంట్రోలరుగా నియమితులయ్యారు. 1936 జనవరి 1న అలీపూర్ రోడ్డులోని ఒక భవనం నుంచి ఢిల్లీ కేంద్రం పనిచేయసాగింది. అదే సంవత్సరం జూన్‌లో సంస్థకు ఆల్ ఇండియా రేడియో అన్న పేరు పెట్టారు. 1943లో పార్లమెంటు వీధిలోని బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ సిద్ధమయింది.

తొలి సంవత్సరాలలోనే ఒక ప్రయోగం జరిగింది. ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతిగా పనిచేస్తూ, భారతీయ వాద్యకారులతో ఒక వాద్యబృందాన్ని తీర్చిదిద్దారు. 1939లో ఆయన మరణంతో ఆ యత్నం ఆగిపోయినా, మన వాద్యాలను మైకు ముందు సామూహికంగా ఎలా కూర్చోబెట్టాలన్న ప్రశ్న మాత్రం నిలిచి ఉన్నది. 1940లో రేడియోలో హార్మోనియంను నిషేధించారు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఈ నిర్ణయం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఏ వాద్యం వినిపించాలి, ఏది వినిపించకూడదు అన్న విషయం ఇక స్టూడియోలోనే తేలుతుందని దాని వలన స్పష్టమయింది.

ఆ స్టూడియో నేర్పిన పాఠాలేమిటి? మొదటిది దూరం. గాయకుడు మైకుకు మరీ దగ్గరైతే ఊపిరి వినిపిస్తుంది. మరీ దూరమైతే గది వినిపిస్తుంది. తారస్థాయిలో ముఖం కొంచెం పక్కకు తిప్పుకోవటం, మంద్రంలో ముందుకు వంగటం అలవాటు చేసుకోవాలి. రెండవది కాలం. తొలిరోజులలో ప్రసారాలు అధికభాగం ప్రత్యక్షంగానే సాగేవి. ఎర్రదీపం వెలిగిన క్షణం నుంచి ఆరేవరకు రాగం, కృతి, స్వరకల్పన అన్నీ ఇమడాలి. మూడవది తూకం. నాడు పదుల సంఖ్యలో మైకులు లేవు. దిల్రుబా వంటి మృదువైన వాద్యాన్ని ముందుకూ, సన్నాయి వంటి గంభీరమైన వాద్యాన్ని వెనక్కూ కూర్చోబెట్టి సమతూకం సాధించేవారు. నేడు మిక్సింగ్ అని మనం పిలిచే పని నాడు వాద్యకారుల కుర్చీలు జరపటంతోనే మొదలయ్యేది. ఈ మూడు పాఠాలూ ఏ గ్రంథంలోనూ లేవు. గాజుపలక అవతలి నుంచి ఇంజనీరు చేతి సైగతో చెప్పేవాడు. ఇవతల కళాకారుడు గ్రహించేవాడు.

వాద్యవృంద: ఒక తరగతి గది

స్వాతంత్ర్యానంతరం ఈ విద్య పరిపక్వ స్థితికి వచ్చింది 1952లో. ఆ ఏడు బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా బాధ్యత వహించారు. జులై 20న జాతీయ సంగీత కార్యక్రమం ఆరంభమయింది. అదే ఏడు జాతీయ వాద్యబృందం, అనగా ‘వాద్యవృంద’, ఢిల్లీలో రూపుదిద్దుకున్నది. హిందుస్తానీ పక్షాన పండిత రవిశంకర్, కర్ణాటక పక్షాన వయొలిన్ విద్వాంసుడు టి.కె. జయరామ అయ్యర్ దానిని నడిపారు.

కేస్కర్‌కు సినిమా సంగీతం పట్ల ఉన్న విముఖత సుప్రసిద్ధం. రేడియోలో సినిమా పాటలకు ఆనాడు చోటు బాగా తగ్గింది. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చిన తరువాతే శ్రోతలకు ఆ లోటు తీరింది. అయితే చరిత్రలో ఒక విచిత్రం చూడవచ్చు. ఏ సినిమా స్టూడియోల సంగీతాన్ని మంత్రిత్వశాఖ దూరంగా ఉంచదలచిందో, ఆ స్టూడియోలలో పని నేర్చిన వారినే వాద్యవృంద నిర్వహణకు పిలువవలసి వచ్చింది. 1956లో వచ్చిన వేణు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ బొంబాయి చిత్రాలకు సంగీతం కూర్చినవారు. 1963లో వచ్చిన అనిల్ బిశ్వాస్ హిందీ చిత్రసంగీత నిర్మాతలలో అగ్రగణ్యులు. కారణం సుస్పష్టం. ఇరవై ముప్ఫై మంది వాద్యకారులకు వేర్వేరు స్వరాలు రాసిచ్చి, మైకు ముందు వారిని ఒక్క ధ్వనిగా వినిపించటం అన్న విద్య అప్పటికి మన దేశంలో సినిమా స్టూడియోలలోనే అభ్యాసంలో ఉన్నది.

ఈ కోవకు చెందినవారే ఈమని శంకరశాస్త్రి. 1922లో ద్రాక్షారామంలో జన్మించిన ఆయనకు తండ్రి అచ్యుతరామశాస్త్రే వీణాగురువు. అంటే మొదటి చదువు పూర్తిగా గురుకుల సంప్రదాయానిది. రెండవ చదువు మదరాసు జెమినీ స్టూడియోలో సాగింది. నలభైల దశకంలో జెమినీ సంగీత విభాగం దక్షిణాదిలో అతి పెద్ద వాద్యబృందాలలో ఒకదానిని పోషించింది. సాలూరు రాజేశ్వరరావు వంటి దిట్టలు పనిచేసిన చోటు అది. 1948 నాటి ‘చంద్రలేఖ’ వింటే ఆ బృందం సత్తా నేటికీ తెలుస్తుంది. అక్కడ సంగీత దర్శకులకు సహాయకుడిగా శంకరశాస్త్రి పొందిన అనుభవమే తరువాత మదరాసు ఆకాశవాణిలోను, అనంతరం ఢిల్లీలో వాద్యవృంద స్వరకర్తగా, నిర్వాహకుడిగాను ఆయనకు తోడయింది.

వీణ నాదం మృదువైనది. పెద్ద సభలో వెనుక వరుసలకు చేరటం కష్టం. మైకు ముందు మాత్రం మీటు తరువాత సాగే సన్నని అనురణనం, గమకపు చివరి వంపు కూడా శ్రోత చెవిని చేరతాయి. మెట్ల మీద వేలి రాపిడి కూడా అంతే స్పష్టంగా చేరుతుంది. కనుక వైణికుడు తన చేతిని మైకుకు అనుగుణంగా మలచుకోవాలి. ఒక్క వీణతో ఈ సూక్ష్మం తెలిసిన విద్వాంసుడు, నలభై వాద్యాల బృందానికి ఆ అవగాహనను అన్వయించగలిగారు. మాటల ఆసరా లేకుండా వాద్యాలతోనే కథనాన్ని నడిపే ఆయన రచనలలో ‘ఆదర్శ శిఖరారోహణం’ ప్రసిద్ధం. 1987లో కన్నుమూసిన ఈ విద్వాంసుని శిష్యుడు చిట్టిబాబు, వీణను ధ్వనిముద్రికల ద్వారా ఇంటింటికీ చేర్చటం యాదృచ్ఛికం కాదు.

నియమావళి గీసిన గీత

ఆకాశవాణి సిబ్బందికి శిక్షణ ఇచ్చే వ్యవస్థ 1948లో ఢిల్లీలో ఏర్పడింది. అది రెండు శాఖలుగా సాగింది. కార్యక్రమ సిబ్బందికి ఒకటి, సాంకేతిక సిబ్బందికి మరొకటి. పరిపాలన దృష్టితో చూస్తే ఇది సహజమైన ఏర్పాటు. సర్వీసు నియమాలు, అర్హతలు, పదోన్నతులు వేరు. కాని విద్య దృష్టితో చూస్తే, స్టూడియో కలిపినదానిని దస్త్రం విడదీసింది. సంగీత ప్రయోక్త మీటలు ముట్టుకోడు. ఇంజనీరుకు రాగలక్షణం తెలియాలన్న నిబంధన లేదు.

అయినా నిత్యకృత్యంలో గీతలు చెరిగిపోయేవి. అయస్కాంత టేపు వచ్చాక తప్పుపోయిన భాగాన్ని బ్లేడుతో కోసి, జిగురుపట్టీతో అతికించటం మామూలు పనయింది. ఎక్కడ కోయాలో తెలియటానికి తాళజ్ఞానం కావాలి. ఎలా కోయాలో తెలియటానికి చేతి ఒడుపు కావాలి. 1954లో ట్రాన్స్‌క్రిప్షన్ సర్వీసు ఏర్పడి, విలువైన ప్రసంగాలనూ సంగీతాన్నీ భద్రపరచటం మొదలయింది. ఆ పని చేసినవారు ఇరువైపుల విద్యలనూ కొంత కొంత అలవరచుకోక తప్పలేదు.

తెలుగునాట కూడా ఇదే వరస. మదరాసు కేంద్రంలో 1941లో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు రచయిత, స్వరకర్త, ప్రయోక్త, పాలనాధికారి అన్నీ ఆయనే అయ్యారు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం ‘భక్తిరంజని’ని అందించింది. దానికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ చేసిన సేవ తెలుగు శ్రోతలు మరువలేనిది. వీరిలో ఎవరూ ధ్వనిముద్రణ కోర్సు చదవలేదు. అందరూ జీతం తీసుకుంటూ నేర్చుకున్నారు. ఈ చివరి మాట గుర్తుంచుకోవలసినది.

ఈ పాఠశాలకు పరిమితులు కూడా లేకపోలేదు. ఆడిషన్ బోర్డు పరీక్ష నెగ్గినవారికే స్టూడియో తలుపు తెరుచుకునేది. ఆ శ్రేణుల విధానం మీద తొలినాళ్లలోనే విద్వాంసులు అసంతృప్తి ప్రకటించారు. వెలుపలి విద్యార్థికి ప్రవేశం లేదు. నేర్చినదానికి పట్టా లేదు. ప్రైవేటు రంగం విస్తరించిననాడు ఈ అనుభవానికి బజారులో విలువ కట్టే మార్గమూ లేదు.

కాసెట్టు కాలం

ఎనభైల దశకంలో ఆ బజారు రానే వచ్చింది. ఢిల్లీ దరియాగంజ్‌లో తండ్రి నడిపే పండ్లరసాల దుకాణంలో పనిచేసిన గుల్షన్ కుమార్ సూపర్ కాసెట్స్ సంస్థను స్థాపించి, నోయిడా కేంద్రంగా టి-సిరీస్ ముద్రతో దేశమంతటా కాసెట్లు నింపారు. 1957 నాటి కాపీరైటు చట్టంలో, నిర్ణీత రుసుము చెల్లించి పాత పాటను కొత్త గొంతుతో తిరిగి ముద్రించే వెసులుబాటు అప్పట్లో ఉండేది. దానిని ఆధారం చేసుకుని పాత పాటల కొత్త ముద్రికలు వెల్లువెత్తాయి. ఫరీదాబాద్‌లో పుట్టిన సోనూ నిగమ్, మహమ్మద్ రఫీ పాటలను అలా పాడియే తొలిసారి శ్రోతల దృష్టిలో పడ్డారు.

ఈ పరిణామాన్ని కేవలం వాణిజ్యంగా చూడటం సరికాదు. భజనలు, హర్యాణవీ రాగిణులు, గఢ్వాలీ జానపదాలు మొదటిసారి విరివిగా ముద్రితమయ్యాయి. వేగంగా, చవకగా ముద్రించగల స్టూడియోలు రాజధాని చుట్టూ వెలిశాయి. వాటికి మనుషులు కావలసి వచ్చింది. శిష్యరికం మళ్లీ మొదలయింది. ఈసారి జీతం తక్కువ, భద్రత శూన్యం. స్టూడియోలో టీ అందించే కుర్రవాడు తీగలు చుట్టటం నేర్చి, ఆపైన మీటల బల్ల వద్దకు చేరటం అన్నది ఆ వృత్తిలో సాధారణమైన మార్గం.

కంప్యూటరు వచ్చాక ఈ మార్గం కూడా సన్నగిల్లింది. పెద్ద స్టూడియో చేసే పనిలో చాలా భాగం పడకగదిలోని యంత్రమే చేయగలుగుతున్నది. సహాయకులుగా చేరి నేర్చుకునే అవకాశం తగ్గిన కొద్దీ నేర్పే సంస్థల అవసరం పెరిగింది. నోయిడా ఫిల్మ్ సిటీలోని శిక్షణాలయాలు, 2011లో మొదలైన గ్లోబల్ మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ వంటివి ఈ ఖాళీలోనే పుట్టాయి. వాద్య శిక్షణ, స్వరరచన, ధ్వనిముద్రణ, వ్యాపార విషయాలు ఒకే పాఠ్యక్రమంలో ఉండటం వీటి విశిష్టత. పలుస్కర్, భాత్‌ఖండేల నాడు బయట ఉండిపోయిన యంత్రం ఈనాడు తరగతి గదిలోకి వచ్చింది. ఇది మేలైన మార్పే.

విద్యార్థికి దక్కనివి

అయితే రెండు లోట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మొదటిది, నాడు జీతం తీసుకుని నేర్చుకున్న విద్యను నేడు రుసుము చెల్లించి నేర్చుకోవాలి. ప్రైవేటు సంస్థల రుసుముకు తోడు ఢిల్లీలో బస ఖర్చు. కాకినాడ నుంచో, ఖమ్మం నుంచో వచ్చే సామాన్య కుటుంబపు విద్యార్థికి ఇది తలకు మించిన భారం. ఇదే కాలంలో ప్రభుత్వ శిక్షణ సంకోచించింది. పొదుపు, సేవల క్రమబద్ధీకరణ కారణాలుగా చూపి ప్రసార భారతి 2018 డిసెంబరులో ఆకాశవాణి జాతీయ ఛానెల్‌తో పాటు అహమ్మదాబాద్, హైదరాబాద్, లక్నో, షిల్లాంగ్, తిరువనంతపురం నగరాలలోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసివేయటానికి నిర్ణయించింది. తెలుగు విద్యార్థికి దగ్గరలో ఉన్న ఒక తలుపు ఆ విధంగా మూసుకున్నది.

రెండవది చట్టానికి సంబంధించినది. 2012 జూన్‌లో అమలులోకి వచ్చిన కాపీరైటు సవరణ గేయరచయితకూ, స్వరకర్తకూ రాయల్టీలో వాటాను స్థిరపరచింది. ఆ వాటాను వదులుకుంటున్నట్లు రాయించుకోవటం చెల్లదని చెప్పింది. గాయకులకు, వాద్యకారులకు ప్రదర్శకుల హక్కుగా వాణిజ్య వినియోగంలో భాగం కల్పించింది. కాని ధ్వనిముద్రికకు కర్త ఎవరని అడిగితే, చట్టం చెప్పే సమాధానం నిర్మాత అని. మైకు ఎక్కడ ఉంచాలో నిర్ణయించి, వందల పొరలను మేళవించి ఆ ధ్వనికి రూపం ఇచ్చిన ఇంజనీరు కర్త కాడు, ప్రదర్శకుడూ కాడు. అతనికి దక్కేది ఒప్పందంలో రాసుకున్న సొమ్ము, ముద్రికపై పేరు. ఆ పేరు కూడా వేయకపోతే అతని శ్రమకు సాక్ష్యమే మిగలదు. చలనచిత్రంలో తెరమీద పేరు పడని చిన్న కళాకారునికి ప్రదర్శకుని హక్కులు సైతం పరిమితమే. ఈ వృత్తిలోకి వచ్చే విద్యార్థికి మొదటి పాఠంగా చెప్పవలసిన విషయం ఇది. యంత్రం మీటలు నేర్పినంత శ్రద్ధగా ఒప్పందం చదవటం నేర్పాలి.

చేయదగిన పనులు

చరిత్ర చూపే మార్గం దుస్సాధ్యమైనది కాదు. ఢిల్లీ కింగ్స్‌వే క్యాంపులోని ఆకాశవాణి, దూరదర్శన్ జాతీయ శిక్షణ అకాడమీ నేటికీ విలువైన వనరు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉన్నది. 2016లో ఆరంభమైన జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద శిక్షణ భృతిలో కొంత భాగాన్ని కేంద్రం భరించే ఏర్పాటు జరిగింది. సంగీత పట్టభద్రులను ఒకటి రెండు సంవత్సరాలు ఆకాశవాణి స్టూడియోలలో భృతిపై నియమించి, కార్యక్రమ, సాంకేతిక విభాగాలు రెండింటిలోనూ పని నేర్పితే 1952 నాటి వాద్యవృంద తరగతి కొత్త రూపంలో తిరిగి మొదలవుతుంది. ఈసారి దానికి పట్టా కూడా ఉండాలి.

రెండవ వనరు భాండాగారాలు. ఆకాశవాణి కేంద్ర భాండాగారం, సంగీత నాటక అకాడమీ సేకరణ, 1982లో స్థాపితమై నేడు గురుగ్రామ్‌లో ఉన్న జానపద, శాస్త్రీయ సంగీత పరిశోధన భాండాగారం అన్నీ రాజధాని ప్రాంతంలోనే ఉన్నాయి. పాత టేపును శుభ్రపరచి, డిజిటల్ రూపంలోకి మార్చి, రాగ తాళ వివరాలతో నమోదు చేయటానికి చెవి, చేయి, చదువు మూడూ కావాలి. విద్యార్థికి ఇంతకు మించిన అభ్యాసం లేదు. జాతికి ఇంతకు మించిన సేవ లేదు. టేపు మీది పూత ఏటేటా క్షీణిస్తుంది కనుక ఈ పని నిరీక్షించదు.

ద్రాక్షారామంలో తండ్రి వద్ద వీణ నేర్చిన బాలుడు, మదరాసు స్టూడియోలో మైకును అర్థం చేసుకుని, ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని నడిపించగలిగాడంటే, దాని వెనుక ఆయన ప్రతిభతో పాటు మూడు చోట్లా ఆయనకు తెరిచి ఉన్న తలుపులు ఉన్నాయి. ప్రతిభ నేటి యువతలో తక్కువేమీ కాదు. తలుపుల సంగతే పాలకులూ, విద్యావేత్తలూ ఆలోచించవలసి ఉన్నది.